పదకొండు సెంటీమీటర్ల మధ్యవర్తి

కోఠి గుజరాతీ గల్లీలో 50 ఓమ్‌ల కేబుల్ అడిగి, రెండు మీటర్లు కొనుక్కుని, షాపు ముందే నిలబడి మల్టీమీటర్‌తో కొలిచాను. లోపలి తీగ ఈ కొస నుంచి ఆ కొసకి: సున్నా. లోపలి తీగకీ, దాని చుట్టూ ఉన్న జాలీకీ మధ్య: రీడింగే రాలేదు. 50 అన్న అంకె ఎక్కడా కనబడలేదు.

"అన్నా, ఇది 50 కాదేమో" అన్నాను.

ఆయన నవ్వి, "తమ్మీ, మీటర్ పెడితే గది కనవడదు. సిగ్నల్ పంపి సూడు" అని ఇంకో బేరం వైపు తిరిగాడు.

నేను చదివేది సీఎస్‌ఈ. మాకు తీగ అంటే బొమ్మలో ఒక గీత. ఈ చివర ఒకటి పెడితే ఆ చివర ఒకటి వస్తుంది, అంతే. ఆ 50 ఎక్కడ దాక్కుందో తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మీకు పది నిమిషాల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మన సికింద్రాబాద్ డివిజన్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

గుల్లగూడ దగ్గర 380 మీటర్లు

2022 మార్చి 4న లింగంపల్లి - వికారాబాద్ సెక్షన్‌లో, గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజిన్లు పెట్టారు. ఒకదాంట్లో అప్పటి రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఆయన ఎక్కిన ఇంజిన్ రెండో దానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగిపోయింది. అదే 'కవచ్'. ప్యాసింజర్ రైళ్ల మీద దాని పరీక్షలు 2016 ఫిబ్రవరిలోనే మన దక్షిణ మధ్య రైల్వేలో మొదలయ్యాయి. 2020 జులైలో దాన్ని దేశం మొత్తానికి రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు.

పట్టాల మధ్య ఉండే ట్యాగులు ఇంజిన్‌కి 'నువ్వు ఇక్కడున్నావు' అని చెప్తాయి. ముందు దారి ఎలా ఉందన్న కబురు మాత్రం స్టేషన్ నుంచి రేడియోలో రావాలి. ఆ రేడియో 406 నుంచి 470 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. స్టేషన్లో టవర్ మీద యాంటెన్నా, ఇంజిన్ పైకప్పు మీద యాంటెన్నా. యాంటెన్నాకీ రేడియో పెట్టెకీ మధ్య కేబుల్.

ఇప్పుడు ఆ ఇంజిన్ పైకప్పునే ఇంకోసారి చూడండి. దాని మీదుగా 25 వేల వోల్టుల కరెంటు తీగ పోతుంది. అందులో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ లెక్కన దాని తరంగదైర్ఘ్యం 6000 కిలోమీటర్లు, అంటే దాదాపు కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి వెళ్లి తిరిగొచ్చినంత. పక్కనే ఉన్న యాంటెన్నాలో 450 మెగాహెర్ట్జ్ అలకి తరంగదైర్ఘ్యం 67 సెంటీమీటర్లు. ఒకే పైకప్పు మీద రెండు లోకాలు.

మన ఇంటి వైరింగ్ మొదటి లోకంలో ఉంటుంది. అలతో పోలిస్తే అక్కడ తీగ పొడవు ఎంత చిన్నదంటే, రెండు చివరలూ ఒకే క్షణంలో ఒకేలా ఉన్నాయనుకోవచ్చు. రెండో లోకంలో అలా కుదరదు. పది మీటర్ల కేబుల్లో ఒకేసారి ఇరవైకి పైగా అలలు ప్రయాణంలో ఉంటాయి. అక్కడ తీగ గీత కాదు, దారి. ఈ దారినే ట్రాన్స్‌మిషన్ లైన్ అంటారు.

50 ఎక్కడుంది?

కేబుల్లోకి ఒక అలని పంపామనుకోండి. ఆ చివర ఏముందో దానికింకా తెలీదు. యాంటెన్నా ఉందో, షార్ట్ అయ్యిందో, ఎవరో తీగ పీకేశారో, అక్కడిదాకా వెళ్తే గాని తెలీదు. అయినా బయల్దేరేటప్పుడే ఇన్ని వోల్టులకి ఇంత కరెంటు అని ఒక నిష్పత్తి తీసుకోవాలి. ఆ నిష్పత్తిని నిర్ణయించేది కేబుల్ ఒంటితీరు: లోపలి తీగ ఎంత లావు, జాలీ ఎంత దూరం, మధ్యలో ఏ ప్లాస్టిక్. ఆ నిష్పత్తే 50 ఓమ్‌లు. టీవీ కేబుల్ అయితే 75.

మల్టీమీటర్ ఎందుకు చూపించలేదో ఇప్పుడు తేలిక. అది నిలకడైన వోల్టేజీ పెట్టి, అంతా సద్దుమణిగాక కొలుస్తుంది. ఈ 50 మాత్రం అల నడుస్తున్నంతసేపే ఉంటుంది.

ఇంపీడెన్స్‌ని తెలుగు ఫిజిక్స్ పుస్తకాల్లో 'అవరోధం' అంటారు. మాట బాగానే ఉంది గాని ఇక్కడ కాస్త తప్పుదారి పట్టిస్తుంది. అవరోధం అనగానే అడ్డం అనిపిస్తుంది. కేబుల్ 50 ఓమ్‌లు అలకి అడ్డం కాదు, నడక తీరు. అడ్డం ఎప్పుడొస్తుందంటే, ఆ నడక తీరు ఉన్నట్టుండి మారినప్పుడు.

తాడు చెప్పే పాఠం

డాబా మీద బట్టలారేసే తాడు ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కసారి విదిలించండి. గూని లాంటి అల స్తంభం దాకా పోయి, తలకిందులై వెనక్కొస్తుంది. ఈసారి లావు తాడుకి సన్న తాడు ముడేసి విదిలించండి. ముడి దగ్గర కొంత ముందుకి పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. కేబుల్లోనూ అంతే. ఎంత తిరుగుతుందో చెప్పడానికి ఒక చిన్న లెక్కుంది:

వెనక్కొచ్చే వంతు = (లోడ్ − కేబుల్) ÷ (లోడ్ + కేబుల్)

50 ఓమ్‌ల కేబుల్‌కి 50 ఓమ్‌ల లోడ్ పెడితే సున్నా, ఏమీ తిరిగి రాదు. షార్ట్ చేస్తే −1, అంతా తలకిందులై తిరిగొస్తుంది. లోడ్ 100 అయితే 50 ÷ 150, అంటే మూడో వంతు. ఇది వోల్టేజీ లెక్క. పవర్ కావాలంటే వర్గం చేయాలి: తొమ్మిదో వంతు, నూటికి 11.

నూటికి 11 పోతే ఏమైంది అనొచ్చు. వినే రేడియోకి నిజంగానే పెద్ద తేడా తెలీదు. పంపే రేడియో సంగతి వేరు. వెనక్కొచ్చిన అల, ముందుకి పోయే అల కలిసి కేబుల్లో ఒకచోట వోల్టేజీ ఎక్కువ, ఇంకోచోట తక్కువగా నిలిచిపోతాయి. ఎక్కువని తక్కువతో భాగిస్తే వచ్చేదే ఎస్‌డబ్ల్యుఆర్. సరిగ్గా కుదిరితే అది 1. మన 100 ఓమ్‌ల లోడ్‌కి 2. కనెక్టర్లోకి నీళ్లు పోయో, సోల్డర్ ఊడిపోయో అది బాగా పెరిగితే ట్రాన్స్‌మిటర్ వేడెక్కుతుంది. తనని కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసే రేడియోలు చాలా ఉన్నాయి. స్టేషన్ చెప్పాల్సిన కబురు బలహీనపడేది అక్కడే.

రెండు తప్పుల్ని కలిపితే

50 ఓమ్‌ల కేబుల్ ఉంది, 100 ఓమ్‌ల లోడ్ ఉంది. రెండూ మార్చడానికి వీల్లేదు. మధ్యలో రెసిస్టర్లు పెట్టి సరిచేయొచ్చు గాని, పవర్ అందులో వేడిగా పోతుంది. ఇంకో దారి: మధ్యలో ఇంకో రకం కేబుల్ ముక్క పెట్టడం.

అలా చేస్తే ఒక ముడి పోయి రెండు ముడులొస్తాయి కదా, పరావర్తనాలు పెరగవా? పెరుగుతాయి. కిటుకంతా అక్కడే ఉంది. మొదటి ముడి దగ్గర ఒక అల వెనక్కి తిరుగుతుంది. రెండోది ముక్క చివరిదాకా పోయి, అక్కడ తిరిగి, మళ్లీ ముక్కంతా దాటి వస్తుంది. ముక్క పొడవు పావు తరంగదైర్ఘ్యం అనుకుందాం. పోను పావు, రాను పావు, మొత్తం అర. మొదటిది పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది. రెండూ సమానంగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనక్కి ఏమీ రాకపోతే పవరంతా ముందుకే పోవాలి, దానికి వేరే దారి లేదు.

రెండూ సమానంగా ఉండాలంటే ముక్క ఇంపీడెన్స్ √(50 × 100) = 70.7 ఓమ్‌లు కావాలి. బజార్లో 70.7 దొరకదు, 75 దొరుకుతుంది. ఆ ముక్కలోంచి చూస్తే 100 ఓమ్‌ల లోడ్ 75 × 75 ÷ 100 = 56 ఓమ్‌లలా కనబడుతుంది. ఎస్‌డబ్ల్యుఆర్ 2 నుంచి 1.13కి దిగుతుంది. మామూలు టీవీ కేబుల్ ముక్కకి ఇది చాలా మంచి పనే.

నా తప్పు

చేసి చూద్దామని 450 మెగాహెర్ట్జ్ తీసుకున్నాను. తరంగదైర్ఘ్యం 66.7 సెంటీమీటర్లు, పావు 16.7. అంత ముక్క 75 ఓమ్‌ల కేబుల్ కోసి, చివర 100 ఓమ్‌ల రెసిస్టర్‌ని కాళ్లు పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేశాను. యాంటెన్నా లేదు, గాల్లోకి పంపేదీ లేదు కాబట్టి లైసెన్సు గొడవ కూడా లేదు. ఈసీఈ ఫ్రెండ్ దగ్గర నానోవీఎన్ఏ ఉంది. అరచేతిలో పట్టే ఆ పరికరం ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత వెనక్కొస్తుందో గ్రాఫ్ గీస్తుంది.

1.13 వస్తుందని కూర్చున్నాను. 450 దగ్గర 1.7 చూపించింది. సోల్డర్ మళ్లీ పెట్టాను, అదే. రెసిస్టర్ మార్చాను, అదే. ఫార్ములా మూడుసార్లు చూసుకున్నాను. కోడ్‌లో బగ్ లేదని తెలిసి కూడా దాన్నే చదువుతూ కూర్చుంటాం చూడండి, అలా.

ఫ్రెండ్ మాత్రం గ్రాఫ్ వైపే చూస్తున్నాడు. "అరే, 450 ఒక్కటే ఎందుకు చూస్తవ్ రా? లోయ యాడ పడ్డదో చూడు."

లోయ 300 దగ్గర పడింది. అక్కడ 1.1 కంటే కాస్త ఎక్కువ, నేను లెక్కేసిన విలువే. 300ని 450తో భాగిస్తే 0.67. కేబుల్ వివరాల్లో వేగం 0.66 అని నేను చదివి వదిలేసిన అంకె గుర్తొచ్చింది. ప్లాస్టిక్ నిండిన కేబుల్లో అల కాంతి వేగంతో పోదు, అందులో మూడింట రెండు వంతులే పోతుంది. వేగం తగ్గితే తరంగదైర్ఘ్యమూ తగ్గుతుంది. నేను గాలిలో పావు కొలిచాను. అల నడిచేది ప్లాస్టిక్‌లో.

అంటే నేను చెడ్డ ముక్క చేయలేదు. వేరే పౌనఃపున్యానికి సరైన ముక్క చేశాను. 16.7ని 0.66తో హెచ్చిస్తే 11 సెంటీమీటర్లు, అర జానెడు. కోశాను. లోయ జరిగి 450కి కాస్త ఇటు వచ్చి కూర్చుంది.

గుర్తుంచుకోవాల్సినవి

ఈ ముక్క ఒక పౌనఃపున్యానికి, దాని ఇరుగుపొరుగుకి మాత్రమే పనికొస్తుంది. వెడల్పాటి బ్యాండ్ కావాలంటే ఒకే పెద్ద మెట్టుకి బదులు చిన్న చిన్న మెట్లుగా చాలా ముక్కలు వేస్తారు. 33 సెంటీమీటర్లు, అంటే మూడు పావులు కూడా పనిచేస్తాయి, బ్యాండ్ ఇంకా ఇరుకవుతుంది. 22 సెంటీమీటర్లు, అంటే అర తరంగదైర్ఘ్యం అయితే ఏ ఉపయోగమూ లేదు. లోడ్ ఎలా ఉందో అలాగే కనబడుతుంది.

నిజం యాంటెన్నా నా రెసిస్టర్ అంత బుద్ధిమంతురాలు కాదు. అందులో కెపాసిటర్ గుణమో, ఇండక్టర్ గుణమో కలిసి ఉంటుంది. అప్పుడు కేబుల్ మీద కొంత దూరం జరిగి, అక్కడ ఇంకో చిన్న కేబుల్ కొమ్మ తగిలిస్తారు. దాన్ని స్టబ్ అంటారు. ఎంత దూరం, ఎంత పొడవు అన్నది వృత్తాల మీద వేలు జరిపి తేల్చుకునేలా బెల్ ల్యాబ్స్ ఇంజినీర్ ఫిలిప్ స్మిత్ 1939లో ఒక పటం ప్రచురించాడు. ఈసీఈ వాళ్ల పరీక్షలో భయపెట్టే స్మిత్ చార్ట్ అదే. నానోవీఎన్ఏ తెర మీద ఇప్పటికీ అదే కనబడుతుంది.

ఇప్పుడు వికారాబాద్ వైపు రైల్లో పోతున్నప్పుడు స్టేషన్ పక్కన టవర్ కనబడితే, పైనున్న యాంటెన్నా కంటే ముందు దాని నుంచి కిందికి దిగే కేబుల్నే చూస్తున్నాను. పైన ఒక ముడి, కింద ఒక ముడి. రెండు చోట్లా అల వెనక్కి చూడకుండా పోవాలి.

చివరగా మీకో లెక్క. హైదరాబాద్ వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్. అదే రకం కేబుల్‌తో పావు ముక్క ఎంత పొడవుండాలి? 73 అని వస్తే నా తప్పే మీరూ చేశారు. 48 అని వస్తే మీ కేబుల్ కోసేయొచ్చు.