పట్టేసిన లేత్ స్పిండిల్‌ను ఊడదీయాలంటే

హఫీజ్‌పేట్, కొండాపూర్ వైపు ఇళ్లకు మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు పాత చెక్క లేత్ మీద తిప్పేవాళ్లకు ఈ తిప్పలు ఏదో ఒకనాడు తప్పవు. బేరింగు గరగరమంటుంది, స్పిండిల్ తీద్దామంటే కదలదు. తుప్పే కారణమనుకుని వెంటనే సుత్తి అందుకుంటారు. దాన్ని ఏది పట్టి ఉంచిందో కంటితో చూసేదాకా సుత్తి ముట్టుకోకండి. బెల్టు తెగి స్పిండిల్ తీయాలనుకుంటుంటే అసలు ఆ పనే వద్దు. ముక్కలుగా కలుపుకునే లింకు బెల్టు వేసుకోండి.

ప్లగ్గు పీకి, చక్ విప్పి, హెడ్‌స్టాక్‌లో పేరుకున్న చెక్కపొట్టు దులపండి. చివర చెక్‌నట్టు, బేరింగు పక్కన సర్క్లిప్పు, పుల్లీకి గ్రబ్ స్క్రూ అప్పుడు బయటపడతాయి. ముందు వీటన్నిటినీ తీసేయాలి. ఎక్కువమంది మోసపోయేది గ్రబ్ స్క్రూ దగ్గరే. ఒకటి తీయగానే అయిపోయిందనుకుంటారు. మొదటిది వదులు కాకుండా అదే రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు బిగించి ఉండొచ్చు. టార్చి వేసి చూడండి, అడుగున ఆరు పలకల గుంట కనిపిస్తే రెండోది ఉన్నట్టే. ఆ గుంటలో మట్టిని సూదితో గీకాకే అలెన్ కీ పెట్టండి. కీ పైపైన కూర్చుంటే మూలలు అరిగిపోతాయి, ఇక డ్రిల్లు పెట్టడమే గతి. పుల్లీ ప్రతి గాడిలోనూ వెతకండి.

స్క్రూ మొన నొక్కిన చోట షాఫ్టు మీద చిన్న అంచు లేస్తుంది, పుల్లీ దానికే తగులుకుంటుంది. పుల్లీకీ షాఫ్టుకూ మధ్య గాడిలో కీ లేకపోతే అటూ ఇటూ తిప్పి చూడండి. తిరిగిందంటే సగం పని అయినట్టే. తిరగకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ మొరాయిస్తే ఆయిల్ పూర్తిగా తుడిచి, హీట్‌గన్‌తో చుట్టూ సమంగా వేడి చేయండి. ఇనుము 80 డిగ్రీలు అదనంగా వేడెక్కితే 25 మిల్లీమీటర్ల రంధ్రం మిల్లీమీటరులో దాదాపు 40వ వంతు సాగుతుంది. అది చాలు. గ్యాస్ మంట మాత్రం పెట్టొద్దు. చెక్కపొట్టు అంటుకుంటుంది, పోత ఇనుము పగలొచ్చు, జింకు పుల్లీ అయితే కరిగిపోతుంది.

స్పిండిల్ మందం ఎక్కువున్న వైపుకే బయటికి వస్తుంది, మామూలుగా అది చక్ వైపు. కొట్టడం కన్నా లాగడం మేలు. బోలు స్పిండిల్లో మరలున్న పొడవు రాడ్డు దూర్చండి. వెనక చివర స్పిండిల్ మందాన్ని మించని వాషరు, నట్టు పెట్టండి. ముందు వైపు బేరింగు కూడా పట్టేంత వెడల్పు పైపు ముక్కను హెడ్‌స్టాక్‌కు ఆనించి, దాని మీద మందపాటి వాషరు, నట్టు వేయండి. పుల్లీకీ హెడ్‌స్టాక్ ముందు గోడకూ మధ్య ఇనుప ముక్కలు సర్దండి, అవి పుల్లీ అంచుకు కాక నడిమి భాగానికి ఆనాలి. లేకుంటే అంచు విరుగుతుంది. ఇక ముందు నట్టును పావు చుట్టు చొప్పున బిగించండి. టక్కుమని వదిలిన చప్పుడు వస్తే ఆగి, ఎటు కదిలిందో చూసుకోండి. బోలు కాని స్పిండిల్‌ను కొట్టక తప్పకపోతే మధ్యలో ఇత్తడి ముక్క పెట్టండి.

ఇలా లాగిన బేరింగును మళ్లీ వాడకండి, లోపలి గుండ్ల దారిలో గుంటలు పడి ఉంటాయి. పాతది చేతిలో పట్టుకుని హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కండి. జేమ్స్ స్ట్రీట్‌లో దిగితే రాణిగంజ్ బేరింగు షాపులు దగ్గరే. 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, 6204 అయితే 20. కొత్తది ఎక్కించేముందు షాఫ్టు మీద లేచిన అంచును సన్న ఆకురాయితో చదును చేయండి. షాఫ్టు మీదికి నెట్టేటప్పుడు పైపు ముక్క బేరింగు లోపలి చుట్టుకే ఆనాలి, బయటి చుట్టుకు కాదు.