తిరిగే ఎలుక

ఒప్పులకుప్ప ఆడి ఒక్కసారిగా ఆగితే ఇల్లూ వాకిలీ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ తికమక చెవిలో పుడుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న కర్ణావర్తం వల్ల మనం వింటాం. దాని పక్కనున్న మూడు అర్ధవర్తుల కుల్యలు శరీరం తూలిపోకుండా కాపాడతాయి. మనం ఆగినా కుల్యలలోని ద్రవం కొంతసేపు కదులుతూనే ఉంటుంది. రెండుచోట్లా పనిచేసేవి రోమకణాలే. వాటి కొనలమీది సన్నని కేశాలు వంగినప్పుడు మెదడుకు వార్త అందుతుంది.

ఏ ఆటా ఆడకుండానే గిరగిర తిరిగే చిట్టెలుకలు ఉన్నాయి. తల ఎగరవేస్తూ తిరిగే ఒక రకానికి శాస్త్రజ్ఞులు 'షేకర్-2' అని పేరు పెట్టారు. ఎంత చప్పుడు చేసినా అవి ఉలిక్కిపడవు. వాటి రోమకణాల కేశాలు మరీ పొట్టి. తల్లి నుండి, తండ్రి నుండి కూడ లోపమున్న జన్యువు వచ్చిన పిల్లలకే ఈ స్థితి కలుగుతుంది.

ఇండొనీషియాలోని బాలి ద్వీపంలో బెంకాలా అనే గ్రామం ఉంది. అక్కడ తరతరాలుగా నూటికి సుమారు ఇద్దరు పుట్టుకతోనే వినలేరు. అందుచేత వినగలిగినవారు కూడ చాలామంది 'కాతా కొలోక్' అనే సైగల భాష నేర్చుకున్నారు. ఈ లోపం 17వ క్రోమోజోముమీద ఉన్నదని 1995లో తెలిసింది. కాని ఆ భాగంలో జన్యువులు అనేకం. వాటిలో ఏది?

జవాబు ఎలుక చెప్పింది. మనిషి 17వ క్రోమోజోములోని ఆ భాగానికి ఎలుక 11వ క్రోమోజోములో సరిజోడు ఉంది. షేకర్-2 లోపం అక్కడిదే. పరిశోధకులు ఆరోగ్యమైన ఎలుకల డి.ఎన్.ఎ. ముక్కలను ఒక్కొక్కటిగా షేకర్-2 అండాలలోకి ఎక్కించి చూశారు. ఒక ముక్కను పొందిన ఎలుక తిరగలేదు, చప్పుడు విన్నది! ఆ ముక్కలో ఉన్నది మయోసిన్-15 అనే ప్రోటీనును తయారుచేసే జన్యువు. 1998లో అదే జన్యువులో లోపాలు బెంకాలావారిలోను, మన దేశపు రెండు కుటుంబాలలోను బయటపడ్డాయి.

అయితే ఎలుకను చూసి మనిషిని పూర్తిగా అంచనా వేయలేం. బెంకాలా బధిరులు గిరగిర తిరగరు. ఎలుకపిల్లకు పుట్టిన పన్నెండు రోజులకు గాని వినికిడి రాదు. మానవ శిశువు తల్లి గర్భంలోనే వింటుంది. కనుక పుట్టిన ఎలుకపిల్లకు సకాలంలో అందిన చికిత్స మన శిశువుకు ఆలస్యం కావచ్చు.

ఓటోఫెర్లిన్ అనే మరొక జన్యువు విషయంలో మాత్రం ఎలుకలలో ఫలించిన చికిత్స పిల్లలదాకా వచ్చింది. ఆరుగురు పిల్లలకు చేయగా ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో చైనా వైద్యులు ప్రకటించారు. ఆ పిల్లలలో రోమకణాల కేశాలు చెడకుండా ఉన్నాయి. మయోసిన్-15 లోపంలో కేశాలే ఎదగవు.