ఎంటర్ కోసం ఆగని ప్రోగ్రామ్

పైథాన్‌లో మనం మొదట నేర్చుకునే ఇన్‌పుట్ ఫంక్షన్, ఎంటర్ నొక్కేదాకా ప్రోగ్రామ్‌ను కదలనివ్వదు. పేరో మార్కులో అడగడానికి అది చాలు. రైలు నడిపే ఆట రాయాలంటే మాత్రం చాలదు.

మన కిరండుల్–కొత్తవలస లైన్‌నే తీసుకుందాం. బైలదిల్లా ఇనుప ఖనిజంతో గూడ్సు బండ్లు ఈ దారిలోనే విశాఖపట్నం వెళ్తాయి. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ దాటాక ఘాట్‌లో దిగాలి. మన ఆటలో అక్కడ బండి వేగం దానంతటదే పెరగాలి, ‘కె’ నొక్కగానే బ్రేకు పడాలి. ఇన్‌పుట్ వాడితే బ్రేకు మాట అటుంచి, అసలు బండే కదలదు.

విండోస్‌లో ఇందుకు ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే మాడ్యూల్ ఉంది. అందులోని కేబీహిట్ ఫంక్షన్ ఏదైనా కీ నొక్కారా లేదా అన్నది వెంటనే చెబుతుంది, ఆగదు. గెట్‌డబ్ల్యూసీహెచ్ ఫంక్షన్ నొక్కిన అక్షరాన్ని తెచ్చిస్తుంది, ఎంటర్ అక్కర్లేదు. కానీ ఏ కీ నొక్కకముందే పిలిస్తే ఇదీ ఆగిపోతుంది. అందుకే ముందు కేబీహిట్‌ను అడగాలి.

వైల్ లూప్‌లో వరుస ఇది:

1. వేగాన్ని 1 పెంచి తెరపై చూపండి.
2. కేబీహిట్ అవునంటేనే అక్షరం తీసుకోండి.
3. అది ‘కె’ అయితే వేగం 5 తగ్గించండి, సున్నా కంటే తగ్గనివ్వకండి. ‘క్యూ’ అయితే లూప్ ముగించండి.
4. టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్‌తో 0.2 సెకన్లు ఆపండి. లేకపోతే అంకెలు కంటికి అందవు, ప్రాసెసర్‌కూ ఊరికే పని.

ప్రోగ్రామ్‌ను ఐడిల్‌లో కాకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో నడపండి. ఐడిల్ కిటికీలో నొక్కిన కీలు ఈ మాడ్యూల్‌కు అందవు.

అంతా సరిగా రాసినా ఒక్కోసారి బ్రేకు పడదు. అప్పుడు కీబోర్డు ఏ భాషలో ఉందో చూడండి. ప్రోగ్రామ్‌కు అందేది కీ కాదు, అక్షరం. చిన్న ‘కె’ సంఖ్య 107, క్యాప్స్ లాక్ వేస్తే 75. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అదే కీ హిందీలోనూ, ఒడియాలోనూ, తెలుగులోనూ ‘క’ ఇస్తుంది. ఊరు మారి భాష మారినా వేలు పెట్టే చోటు మారదు. సంఖ్యలు మాత్రం వేరు: హిందీ ‘క’ 2325, ఒడియా ‘క’ 2837, తెలుగు ‘క’ 3093.

చేసి చూడండి: ఆర్డ్ ఫంక్షన్‌తో ఈ సంఖ్యలను సరిచూడండి. తర్వాత ఈ ఐదు అక్షరాల్లో ఏది వచ్చినా బండి ఆగేలా మూడో మెట్టును మార్చండి.