బాడుగ గదుల యాప్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది బేతంచెర్ల. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చే కుర్రాళ్ల కోసం, గదినీ తోడు ఉండేవాళ్లనూ వెతికిపెట్టి బాడుగ లెక్క చూసే యాప్ చేద్దామనుకుంటున్నా. ఏది ముందు?

జవాబు: లెక్కే ముందు. దళారీ లేకుండా బాడుగ ఇళ్లు చూపే బెంగళూరు సంస్థ నోబ్రోకర్ 2014లో మొదలై వెతుకులాటతో ఎదిగింది. మహానగరానికి అది సరిపోతుంది. మీ ఊళ్లో ఖాళీ గది సంగతి టీ అంగట్లోనే తెలిసిపోతుంది. పేచీలన్నీ చేరాకే వస్తాయి.

ముగ్గురున్న గదిలో ఒకరు పదో తేదీన వెళ్లిపోయారనుకోండి. ముప్పై రోజుల కరెంటు బిల్లు 1,400. ఉన్న రోజులు కలిపితే 10, 30, 30, మొత్తం 70. రోజుకు 20 రూపాయలు. వెళ్లినవారు 200, మిగతా ఇద్దరూ చెరి 600 కట్టాలి. ఈ లెక్క అందరి ఫోన్లలోనూ ఒకేలా కనబడితే సగం గొడవలు పుట్టవు. చేరిన, వెళ్లిన తేదీలు, మీటరు ఫొటో, అడ్వాన్సు ఎవరిచ్చారన్నది తప్పక రాయించండి. వేసవి నీళ్ల ట్యాంకరుకు వేరే గడి ఉండాలి.

తోడు వెతికేచోట షిఫ్టు వేళలు, వంట గురించి అడగండి. కులం, మతం అడిగే గడి మాత్రం పెట్టొద్దు, ఇంటివాళ్లు ఎంత ఒత్తిడి చేసినా సరే. ఆధార్ ఫొటోలు దాచిపెట్టకండి.