సహజీవనం: చట్టం దృష్టిలో

పెళ్లి తంతు లేకుండా, పరస్పర అంగీకారంతో భార్యాభర్తల్లా జీవించడం ద్వారా ఏర్పడే వివాహాన్ని కామన్ లా వివాహం అంటారు. అమెరికాలో టెక్సస్, కొలరాడో వంటి కొద్ది రాష్ట్రాలు దీన్ని గుర్తిస్తాయి. భారత చట్టంలో ఇది లేదు. ఇన్నేళ్లు కలిసి ఉంటే పెళ్లయినట్లేనన్న గడువు నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా వర్తించదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ ఆచార ప్రకారం క్రతువు జరగాలంటుంది.

అయితే దీర్ఘకాలం కలిసి బతికినవారిని న్యాయస్థానాలు దంపతులుగానే భావిస్తాయి. బద్రీ ప్రసాద్ కేసులో (1978) సుమారు 50 ఏళ్లు కలిసి ఉన్న జంటకు పెళ్లి జరిగినట్లే సుప్రీంకోర్టు భావించింది. కాదన్నవారే రుజువు చేయాలంది. ఇది తిరుగులేని నిర్ధారణ కాదు, ఎదుటి సాక్ష్యంతో వీగిపోయే భావన మాత్రమే.

గృహహింస చట్టం, 2005లోని 2(ఎఫ్) సెక్షన్ వివాహాన్ని పోలిన సంబంధంలోని స్త్రీకీ రక్షణ ఇస్తుంది. ఆమె మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఇద్దరూ పెళ్లీడు వచ్చినవారై, పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేనివారై, సమాజంలో దంపతులుగా మెలగుతూ, తగినంత కాలం స్వచ్ఛందంగా కలిసి ఉండాలని వేలుసామి తీర్పు (2010) చెప్పింది. పురుషుడు వివాహితుడని తెలిసీ కలిసి ఉన్న స్త్రీకి ఇంద్రా శర్మ కేసులో (2013) ఈ రక్షణ దక్కలేదు. ఇది కఠినమైన ఫలితమే. ఇలాంటి స్త్రీల కోసం చట్టం చేయాలని ఆ తీర్పే పార్లమెంటుకు సూచించింది.

ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదును 2002 నాటి చట్టం తప్పనిసరి చేసింది. సహజీవనానికి అక్కడ అలాంటి నమోదు లేదు.