తరగతి గదిలో యంత్రం – మా మాస్టారి పద్ధతి

తమ్ముళ్ళూ, సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని మీరు అడిగారు. 2018లో జంగారెడ్డిగూడెంలో పదో తరగతి పాసై ఈ హాస్టల్ గడప దాటిన మా బ్యాచ్ తరఫున ఇది రాస్తున్నాము. మాలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. కాబట్టి చదువు గురించి మేము చెప్పేదంతా మాకు చదువు చెప్పినవారి దగ్గర నేర్చుకున్నదే.

ఇప్పుడు మీ బడుల్లో ఉన్న సామాను చూస్తే మాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. 2023లో హైస్కూలు తరగతి గదుల్లో గోడంత తెరలు బిగించడం మొదలుపెట్టారు. మా కాలంలో కంప్యూటర్ గదికి తాళం ఉండేది. దానికీ ఒక కథ ఉంది. 2008లో రాష్ట్రంలో 5 వేల హైస్కూళ్ళకు కంప్యూటర్లు ఇచ్చారు. నడిపే పని ఐదేళ్ళ ఒప్పందం మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఆ గడువు 2013లో తీరింది. మేము హైస్కూల్లో అడుగుపెట్టేసరికి నేర్పే మనిషి లేడు. కిటికీ సందులోంచి చూస్తే గుడ్డ కప్పిన మానిటర్లు వరుసగా కనిపించేవి. పెళ్ళికి పిలిచి పందిరి బయట నిలబెట్టినట్టుండేది మా పరిస్థితి.

అప్పుడు మాకు దొరికిన అదృష్టం మా సాంఘిక శాస్త్రం మాస్టారు. ఆయన దగ్గర ఉన్నదల్లా సొంత ల్యాప్‌టాప్ ఒకటి, నెట్ డాంగిల్ ఒకటి. క్లాసులో మేము అరవై మందికి పైగా ఉండేవాళ్ళం. ఆ చిన్న తెరతో ఆయన చెప్పిన ఒక పాఠం ఇక్కడ వివరంగా రాస్తాము, ఎందుకంటే ఆయన పద్ధతంతా అందులోనే ఉంది.

ఎనిమిదో తరగతిలో నదుల పాఠం. మాస్టారు ల్యాప్‌టాప్ సంచిలోంచి తీయలేదు. సుద్దముక్కలు పంచి, "మన కొంగువారిగూడెం ఎర్రకాలువ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయి? వరండా నేల మీద గీయండి" అన్నారు. ఆరుగురేసి జట్లు. మా అందరికీ తెలిసిన పెద్ద నీరు కొల్లేరే. అందుకని దాదాపు అన్ని జట్లూ ఎర్రకాలువను తీసుకెళ్ళి కొల్లేరులో కలిపేశాయి. ఒక్క జట్టు మాత్రం గోదావరిలో కలిపింది. పెద్ద గొడవ అయింది. మాస్టారు ఎవరిదీ తప్పనలేదు, ఒప్పనలేదు. ఎవరి బొమ్మ కింద వాళ్ళ పేర్లు రాయించారు. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరిచారు.

గూగుల్ ఎర్త్ వచ్చింది. మౌసు ఆయన పట్టుకోలేదు. చివరి బెంచీలో కూర్చునే మాలో ఒకడిని పిలిచి చేతిలో పెట్టారు. జట్టుకొకరు చొప్పున ముందుకు వచ్చి చూసి, మిగిలినవారికి గట్టిగా చెప్పాలి. ఎర్రకాలువ వెంట పోతూ పోతూ తాడేపల్లిగూడెం వైపు దిగాము. నందమూరు దగ్గర అది ఏలూరు కాలువ కిందుగా దాటింది. అక్కడి నుంచి యనమదుర్రు డ్రెయిన్‌గా భీమవరం మీదుగా సముద్రం వైపు సాగింది. కొల్లేరు ఊసే లేదు! మా బొమ్మలన్నీ తప్పు. మరి కొల్లేరుకు పోయేది ఏది? మళ్ళీ వెతికాము. చింతలపూడి పక్కన నాగిరెడ్డిగూడెం జలాశయం నుంచి వచ్చే తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేరులోకి దిగుతున్నది.

అసలు పాఠం అక్కడ మొదలైంది. పుస్తకంలో కొల్లేరు నీలం రంగు మచ్చ. తెర మీద మాత్రం గళ్ళు గళ్ళుగా, గీతలు గీసినట్టుగా ఉంది. అవేమిటని మాస్టారు అడిగితే పొలాలని కొందరు, ఇళ్ళని కొందరు అన్నారు. మౌసు పట్టుకున్నవాడు తెర మీంచి కళ్ళు తీయకుండా, "చెరువు గట్లండి. మా అమ్మ అక్కడికే కూలికి పోద్ది" అన్నాడు. రెండేళ్ళలో వాడు క్లాసులో నోరు తెరవడం అదే మొదలు. చేపల చెరువులో నీళ్ళు ఎలా పెడతారో, మేత బస్తాలు ఎలా మోస్తారో, పట్టుబడి రోజున కూలీలను ఏ వేళకు రమ్మంటారో వాడు చెబుతుంటే మాస్టారు బల్ల మీద కూర్చుని విన్నారు. ఆ రోజు పాఠం చెప్పింది వాడే.

ఆ తర్వాత ఆయన చెప్పవలసింది చెప్పారు. 1999లో ప్రభుత్వం 5 అడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లను పేల్చి, తవ్వి తీసేశారు. సరస్సు పూడుకుపోతే వరద ఎవరి మీద పడుతుంది, గట్టు తెగ్గొడితే కూలి ఎవరికి పోతుంది అన్న రెండు ప్రశ్నలూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. జవాబు రాయలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, చూసినదాన్ని బట్టి మళ్ళీ బొమ్మ గీయమన్నారు. గంటన్నర పాఠంలో తెర వెలిగింది ఇరవై నిమిషాలే.

మా సైన్స్ మేడమ్ గారి లెక్క వేరు. చేత్తో చేయగలిగినదాన్ని వీడియోలో చూపించడానికి ఆవిడ ఒప్పుకునేవారు కాదు. సున్నపు తేటలో గొట్టంతో ఊది, అది పాలలా మారడం మేమే చూడాలి. కణం విభజన, గుండె కవాటాలు, గ్రహాల కదలిక వంటి కంటికి అందనివాటికే బొమ్మ. ఒకసారి ఎవరో ఇచ్చిన సీడీలోని రసాయన చర్య పాఠం పెట్టారు. ఇంగ్లీషులో గబగబా నడిచింది. రంగులు చూసి చప్పట్లు కొట్టాము, ఒక్క ముక్క అర్థం కాలేదు. మర్నాడు ఆవిడే "నిన్నటి పాఠం నాది దండగ" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. అలా ఒప్పుకున్న టీచరును మేము మళ్ళీ చూడలేదు.

సాంఘికం మాస్టారే సాయంత్రం స్టడీ అవర్‌కు వచ్చినప్పుడు సెల్‌ఫోన్లో మా ఇంగ్లీషు చదువు రికార్డు చేసి వినిపించేవారు. మన గొంతు మనం వినడం ఎంత సిగ్గో! కానీ ఎక్కడ మింగేశామో, ఎక్కడ ఆగకూడని చోట ఆగామో ఒకరు చెప్పకుండానే తెలిసేది. దీనికి నెట్ కూడా అక్కర్లేదు, మామూలు ఫోను చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. వాటిలో మన రాష్ట్రం పల్లెలూ ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు తెలుగుతో సహా నాలుగు భాషల్లో పాఠాలు వచ్చేవి. అప్పుడే టీవీ ద్వారా దాదాపు 48 వేల మంది ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు. పెట్టె పంపితే చాలదని ఆనాటివారికి తెలుసు. తెలియక పెట్టె మాత్రమే పంచిన చోట ఏమైందో పెరూ దేశంలో చూశారు. అక్కడ పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, 319 బడుల్లో 15 నెలల తర్వాత పరీక్షిస్తే లెక్కల్లోనూ భాషలోనూ తేడా కనిపించలేదని 2012లో తేల్చారు. దీనికి భిన్నంగా ఢిల్లీలో ఒక ప్రయోగం జరిగింది. బడి అయ్యాక ఒక కేంద్రంలో, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచే కంప్యూటర్ పాఠం మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ బాగా మెరుగుపడ్డాయని 2019లో ప్రచురించారు. ఏడో తరగతిలో ఉండి భాగాహారం రాని మాలాంటివారికి ఆ తేడా ఏమిటో వేరే చెప్పాలా?

అయితే మాస్టారు లేని యంత్రం ఎలా ఉంటుందో మేము 2020లో అనుభవించాము. డిగ్రీలో చేరిన ఏడాదే కరోనా. క్లాసులు ఫోనులోకి వచ్చాయి. మాలో సగం ఇళ్ళలో బటన్ ఫోనే. బుట్టాయగూడెం పైన ఏజెన్సీ ఊళ్ళలో ఉన్నవారు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవారు. ఒకడు పామాయిల్ తోటలో గెలలు మోసే పనికి పోయి, సాయంత్రం రోడ్డు మీదికి వచ్చి ఆ రోజు పాఠాలు దింపుకునేవాడు. దింపుకున్నవి చూసేసరికి నిద్ర. మధ్యలో అర్థం కాకపోతే ఆపి అడగడానికి అవతల మనిషి లేడు. వాడు రెండో ఏడు ఫీజు కట్టలేదు. చదువులో మాలో అందరికంటే ముందుండేది వాడే. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, ఈ వ్యాసంలోని ఊళ్ళ పేర్లు సరిచూసింది కూడా వాడే.

మీ బడిలో పెద్ద తెర ముందు కూర్చున్నప్పుడు వీడియో అయ్యేదాకా ఆగకండి. చెయ్యెత్తి ఆపమని అడగండి, మా మాస్టారు మాకిచ్చిన హక్కు అది. హాస్టల్లో ఫోను లేదని బెంగ వద్దు. ట్యూటర్ గారి ఫోను ఒకటి చాలు, వారానికి ఒక రోజు, జట్టుకు పది నిమిషాలు.

వార్షికోత్సవం రోజున మేము ల్యాప్‌టాప్ తెస్తున్నాము. ఈలోగా జల్లేరు నీళ్ళు ఎటు పోతాయో డైనింగ్ హాలు నేల మీద సుద్దతో గీసి, కింద మీ పేర్లు రాసి ఉంచండి. తుడవవద్దని వార్డెన్ గారికి ముందే చెప్పాము.