బాలింత దిగులు – నర్సుల సేవ, ఇంటివారి బాధ్యత



మన అవుకు చుట్టుపక్కల గ్రామాలలో కాన్పయిన ఇంటికి వెళ్లినవారంతా బిడ్డను చూస్తారు, బరువెంతని అడుగుతారు. "అమ్మా, నీవెలా ఉన్నావు?" అని అడిగేవారు తక్కువ. ఈ పాఠంలో ఆ తల్లిని గురించి తెలుసుకుందాం.

కాన్పయిన మూడో రోజు మొదలు చాలామంది బాలింతలకు ఊరకే ఏడుపు, చిరాకు వస్తాయి. ఆదరణ, విశ్రాంతి ఉంటే పది రోజుల్లో తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, "నేను పనికిరాని తల్లిని" అని బాధపడుతుంటే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ఇది జబ్బు. గాలి సోకడం కాదు, సోమరితనం కాదు, విశ్వాసం తక్కువై వచ్చేదీ కాదు. గోవాలో జరిగి 2002లో ప్రచురితమైన పరిశీలనలో నూటికి 23 మంది తల్లులలో ఇది కనిపించింది. పేదరికం, భర్త హింస, మగబిడ్డ కోసం ఎదురుచూసిన ఇంట ఆడపిల్ల పుట్టడం దీనికి తోడయ్యాయి.

నర్సులు ఏమి చేస్తారు?

స్కాట్లండులో 1987లో తయారైన 10 ప్రశ్నల పట్టికతో తల్లి మనసు తెలుసుకోవచ్చు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి; అడగడం వల్ల ప్రాణం నిలవవచ్చు. అక్కడే 1989లో వెలువడిన పరిశీలనలో, ఇళ్లకు వెళ్లే నర్సులు వారానికొకసారి 8 వారాలు తల్లుల మాట ఓపికగా వినగా 26 మందిలో 18 మంది కోలుకున్నారు. ఆ సహాయం అందని 24 మందిలో 9 మందే కోలుకున్నారు. వినడం కూడా వైద్యమే!

ఇంటివారు ఏమి చేయాలి?

1. రాత్రి కొన్ని గంటలు బిడ్డను మీరెత్తుకొని తల్లిని నిద్రపోనివ్వండి.
2. పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గించకండి.
3. ఆడపిల్ల పుట్టిందని ఒక్క మాట కూడా అనకండి.
4. డాక్టరుకు చూపించండి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలూ అవసరం కావచ్చు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. సొంతంగా పాలు మాన్పించకండి.

అపాయ సూచనలు: లేని మాటలు వినబడటం, అయినవారినే అనుమానించడం, తనకో బిడ్డకో హాని చేస్తాననడం. అప్పుడు తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మనోవేదనకు సలహా కోసం 14416 టెలిమానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఏలీయా ప్రాణం విసిగి చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. మన ఇంటి బాలింతకు మనమూ అలాగే చేద్దాం.